పద్యనాటక నేపథ్యంలో వైర్‌లెస్ మైకుల నిర్వహణ: స్తంభోద్భవ ఘట్టం - ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం:
పద్యనాటకంలో వైర్‌లెస్ మైకుల వినియోగం వల్ల నేపథ్యంలో ఏర్పడే సమస్యలను, వాటి పరిష్కారాలను ప్రహ్లాద కథలోని స్తంభోద్భవ ఘట్టం ఆధారంగా వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలక పదాలు: పద్యనాటకం, సురభి, వైర్‌లెస్ మైకు, నేపథ్యం, అహోబిలం.

1. ఉపోద్ఘాతం:
అహోబిలంలోని ఉగ్రస్తంభం నుండే నరసింహస్వామి ఆవిర్భవించాడని భక్తుల విశ్వాసం. ఈ కథకు తెలుగు రంగస్థలంతో గాఢమైన అనుబంధం ఉంది. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో వనారస గోవిందరావు ‘కీచకవధ’ ప్రదర్శనతో సురభి నాటక సంప్రదాయానికి నాంది పలికారు. 1932లో విడుదలైన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ సురభి వారి నాటకం ఆధారంగానే రూపొందింది. రంగస్థలంపై స్థిరంగా అమర్చిన మైకులు నటుణ్ణి ఒకే చోట నిలిపివేస్తాయి. వైర్‌లెస్ మైకు అతనికి చలనస్వేచ్ఛ నిచ్చి, భారాన్ని నేపథ్యానికి బదిలీ చేసింది.

2. మైకు అమరిక:
చిన్న మైకును విగ్గు అంచున, నుదుటి పైభాగంలో అమరిస్తే తల ఎటు తిప్పినా నోటికీ మైకుకూ మధ్య దూరం మారదు. కిరీటం అంచు దానికి రాసుకోకూడదు. చెమటబొట్టు మైకు రంధ్రాన్ని మూస్తే హెచ్చు పౌనఃపున్యాలు క్షీణిస్తాయి. శ, ష, స ధ్వనులు మసకబారి పద్యార్థం శ్రోతకు అందదు. నడుముకు కట్టే ట్రాన్స్‌మిటర్ యాంటెన్నాను చుట్టకుండా, లోహాభరణాలకూ ఒంటికీ తగలకుండా ఉంచాలి. శరీరం రేడియో తరంగాలను శోషించుకోవడమే ఇందుకు కారణం.

3. తరంగాల పొందిక:
500, 501 మెగాహెర్ట్జ్‌లపై పనిచేసే రెండు ట్రాన్స్‌మిటర్లు దగ్గరగా ఉన్నప్పుడు వాటి కలయిక వల్ల 499, 502 వద్ద కొత్త తరంగాలు పుట్టవచ్చు. మూడో నటుని మైకు 502పై ఉంటే అతని మాటకు అంతరాయం కలుగుతుంది. కనుక పౌనఃపున్యాలను సమాన దూరాలలో కేటాయించరాదు. ప్రదర్శనకు ముందు అన్ని ట్రాన్స్‌మిటర్లనూ పనిచేయించి, ఒక్కొక్కదానినే ఆపుతూ, దాని రిసీవర్ వద్ద ఇంకా సంకేతం కనిపిస్తున్నదేమో పరీక్షించాలి.

4. స్తంభోద్భవ ఘట్టం:
నరసింహ పాత్రధారి స్తంభంలో దాగి ఉన్నంతసేపూ అతని మైకు ప్రసారం ఆగదు. ధ్వని నియంత్రకుడు మిక్సర్ వద్ద ఆ ధ్వనిని మాత్రమే మూసి ఉంచుతాడు. ట్రాన్స్‌మిటర్‌నే ఆపివేస్తే గర్జించే క్షణంలో దాన్ని తిరిగి పనిచేయించే అవకాశం నేపథ్యంలోని వారికి ఉండదు. ముఖానికి తొడుగు ఉంటే దాని లోపలి ప్రతిధ్వని మాటను బొంగురుగా మారుస్తుంది. అందుచేత తొడుగుతోనే స్వరపరీక్ష జరపాలి.

హిరణ్యకశిపుణ్ణి ఒడిలోకి తీసుకున్నప్పుడు ఒకే గొంతు రెండు మైకులలో పడుతుంది. ఆ గొంతు రెండో మైకును చేరడానికి సుమారు 34 సెంటీమీటర్లు అదనంగా ప్రయాణిస్తే ఒక మిల్లీసెకను ఆలస్యం ఏర్పడుతుంది. రెండు మైకుల ధ్వనీ సమస్థాయిలో కలిస్తే 500, 1500, 2500 హెర్ట్జ్‌ల వద్ద స్వరం రద్దై, గొంతు డొల్లగా వినిపిస్తుంది. మాట్లాడే వారి మైకును మాత్రమే తెరచి, రెండోదాన్ని తగ్గించడం దీనికి పరిష్కారం.

పద్యనాటకానికి ప్రత్యేకమైన మరో చిక్కు ‘వన్స్‌మోర్’. పద్యం ముగించి నిష్క్రమించబోయే నటుడు ప్రేక్షకుల కోరికపై మళ్లీ రాగం అందుకోవచ్చు. నిష్క్రమణ సూచనను మాత్రమే అనుసరించి మైకు మూసివేస్తే ఆ రాగారంభం వినబడదు. కనుక ధ్వని నియంత్రకునికి నాటకప్రతితో పాటు ప్రేక్షక సంప్రదాయమూ తెలిసి ఉండాలి.

5. ముగింపు:
- వైర్‌లెస్ మైకు నిర్వహణ సాంకేతిక సేవ మాత్రమే కాదు; అది నాట్యప్రయోగంలో అంతర్భాగం.
- ఆహార్యం, స్వరం, రేడియో తరంగాలు పరస్పరాధారితాలు కాబట్టి వేషధారణ దశలోనే మైకు అమరికను నిర్ణయించాలి.
- ఏ పద్యానికి ఏ మైకు తెరవాలో తెలిపే సూచనల పట్టికలు ప్రదర్శన ముగిశాక కనుమరుగైతే, ఆ ప్రయోగ చరిత్రలో కొంత భాగం లుప్తమవుతుంది. నాటకప్రతులతో పాటు వాటినీ పరిశోధన సామగ్రిగా భద్రపరచవలసి ఉంది.