థైరాయిడ్ జోరుకు రేడియో అయొడిన్: ఎవరికి? ఎప్పుడు?

"డాక్టరుగారూ, అది అణుశక్తి మందట! మింగితే ఇక పిల్లలు పుట్టరటగా?"

ఈ భయంతో వైద్యం వాయిదా వేసేవారు చాలామంది. ఈ మందు కొత్తదేమీ కాదు. 1941లో అమెరికాలోని బోస్టన్‌లో డాక్టర్ సాల్ హెర్ట్జ్ మొదటిసారి రోగికి ఇచ్చారు.

ఎంత తిన్నా చిక్కిపోవడం, గుండెదడ, చేతుల వణుకు, ఉక్కకు తాళలేకపోవడం - థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేస్తే కనిపించే లక్షణాలివి. ఈ గ్రంథి రక్తంలోని అయొడిన్‌ను పీల్చుకుని హార్మోను తయారుచేస్తుంది. రేడియో అయొడిన్‌నూ అలాగే పీల్చుకుంటుంది. వైద్యం చేసే కిరణాలు రెండు మిల్లీమీటర్లకు మించి పోవు. అక్కడి కణాలనే అణచివేస్తాయి. గుణం కనిపించడానికి కొన్ని వారాల నుంచి కొన్ని నెలలు పడుతుంది.

అయితే జబ్బు అందరిలో ఒకటి కాదు.

గ్రేవ్స్ వ్యాధిలో గ్రంథి మొత్తం జోరెక్కుతుంది. సాధారణంగా ఏడాది, ఏడాదిన్నర మాత్రలు వాడి చూస్తాం. తిరగబెడితే రేడియో అయొడిన్ ఇవ్వవచ్చు. కళ్ళు ఉబ్బి, ఎర్రబడి ఉంటే ముందే చెప్పండి. ఈ మందుతో కంటిజబ్బు ముదరవచ్చు. పొగతాగేవారికి ఆ ప్రమాదం మరీ ఎక్కువ.

ఒకే గడ్డ జోరుగా ఉంటే మందులో అధికభాగం దానికే చేరుతుంది. అంతవరకు నిద్రపోతున్న మిగతా గ్రంథి చాలామందిలో తిరిగి మేల్కొంటుంది.

పెద్దవయసువారిలో అనేక గడ్డలుంటాయి. మాత్రలు మానగానే జబ్బు తిరగబెడుతుంది. వీరికి రేడియో అయొడిన్ మంచి మార్గం. మోతాదు కాస్త ఎక్కువ కావచ్చు.

గ్రంథి వాచి, నిలవ ఉన్న హార్మోను రక్తంలోకి కారిపోతుంటే మాత్రం ఈ మందు ఇవ్వకూడదు. అటువంటి గ్రంథి దాన్ని పీల్చుకోదు. ఆ జోరు కొద్ది వారాల్లో తనంతట తగ్గుతుంది. అందుకే ముందు రక్తపరీక్షలు, అవసరమైతే స్కానింగు చేయించాలి.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు దీన్ని తీసుకోరాదు. తీసుకున్న స్త్రీలు ఆరునెలలు గర్భం రాకుండా చూసుకోవాలి. పురుషులు కనీసం నాలుగు నెలలు ఆగాలి. తర్వాత నిశ్చింతగా పిల్లలను కనవచ్చు. మందు మింగాక డాక్టరు చెప్పినన్ని రోజులు చంటిపిల్లలకు, గర్భిణులకు ఎడంగా ఉండండి.

నా వద్ద చూపించుకునే ఒక గృహిణి, దడ తగ్గింది కదా అని రెండేళ్ళు పరీక్షకు రాలేదు. వచ్చేనాటికి ముఖం ఉబ్బి, గొంతు బొంగురుపోయి, వేసవిలో కూడా దుప్పటి కప్పుకుంటోంది. గ్రంథి పూర్తిగా మందగించింది. గ్రేవ్స్ వ్యాధికి ఈ వైద్యం చేయించుకున్నవారిలో ఎక్కువమందికి ఇలా జరుగుతుంది. ఇది వైద్యం వికటించడం కాదు. మేము ముందే ఎదురుచూసేది. రోజూ పరగడుపున ఒక థైరాక్సిన్ మాత్రతో ఆమె మామూలు మనిషయింది.

మందు మింగడం ఒక్కపూట పని. రక్తపరీక్షలు మాత్రం జీవితాంతం మానకండి.