వార్తల్లో పదం: ఎదుగుదల మైలురాళ్లు

శిశువు మెడ నిలపడం, బోర్లా పడటం, కూర్చోవడం, నడవడం, మాట్లాడటం వంటి సామర్థ్యాలు సాధారణంగా ఏ వయసుకల్లా అలవడతాయో తెలిపే గుర్తులను శిశువైద్యులు ‘ఎదుగుదల మైలురాళ్లు’ అంటారు; బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు పంచే తెలుగు ఇళ్లకు ఈ పరిశీలన కొత్త కాదు.

ఇవి గడువులు కావు. భారత్ సహా ఐదు దేశాల పిల్లలను పరిశీలించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో వెలువరించిన ప్రమాణాల ప్రకారం, ఊతం లేకుండా కూర్చోవడం సుమారు 4 నుంచి 9 నెలల మధ్య, సొంతంగా నడవడం 8 నుంచి 18 నెలల మధ్య ఎప్పుడు జరిగినా సహజమే. అయితే ఏడాదిన్నర దాటినా నడక రాకపోవడాన్ని, పిలిస్తే స్పందించకపోవడాన్ని, వచ్చిన మాటలు పోవడాన్ని ఉపేక్షించరాదు.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఆరేళ్లలోపు పిల్లలను అంగన్‌వాడీల్లోనే పరీక్షించి, పుట్టుకతో వచ్చే లోపాలు, పోషక లోపాలు, వ్యాధులతో పాటు ఎదుగుదల జాప్యాన్నీ గుర్తించి, అవసరమైతే పైస్థాయి చికిత్సకు పంపుతారు. పెద్దాసుపత్రులు దూరంగా ఉండే కడప జిల్లా చక్రాయపేట వంటి గ్రామీణ మండలాల్లో అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తల పరిశీలనకు ఎంతో విలువ ఉంది. మెదడు వేగంగా ఎదిగే తొలి మూడేళ్లలో అందే చికిత్సే ఎక్కువ ఫలితమిస్తుంది కనుక, తల్లీబిడ్డల రక్షణ కార్డులోని ఈ గుర్తులను టీకాల తేదీలతో సమానంగా గమనించడం ప్రతి కుటుంబం బాధ్యత.