న్యాయవాద విద్యార్థికి పెద్ద దిక్కు ఎవరు?

పలాస జీడిపప్పు పేరు వినని తెలుగు ఇల్లు ఉండదు. ఆ పప్పు వెనుక ఉన్న చేతుల గురించి మాత్రం తెలిసినవారు తక్కువ. కాశీబుగ్గ చుట్టుపక్కల కార్ఖానాలలో పిక్కలు కొట్టి, పొట్టు తీసి, పప్పును రకరకాలుగా వేరుచేసే కుటుంబాల మధ్యనే మా మదరసా నడుస్తున్నది. శ్రీకాకుళం జిల్లాలో ముస్లింల సంఖ్య బహు స్వల్పం. అందువలన ఒక ఇంటి కష్టం మరొక ఇంటికి తెలియకుండా ఉండదు. ఈ వ్యాసంలో మేము చెప్పబోయేది అటువంటి ఒక ఇంటి సంగతి. అందులో మా పొరపాటు కూడా ఉన్నది.

తిత్లీ తుపానుకు రెండేళ్ళ ముందు మాట. మా వద్ద ఖుర్ఆన్ పఠనం నేర్చుకొని, తరువాత డిగ్రీ పూర్తిచేసిన ఒక కుర్రవాడు అసర్ నమాజు తరువాత వచ్చి కూర్చున్నాడు. "హజ్రత్, లా చదవాలని ఉంది. మా ఇంట్లో అడగడానికి ఎవరూ లేరు. మీరేమంటారు?" అన్నాడు. మేము క్షణమైనా ఆలోచించలేదు. "నిజాన్ని అబద్ధంగా, అబద్ధాన్ని నిజంగా చూపే వృత్తి అది. నీకెందుకు బేటా?" అన్నాము. అతడు మారుమాట ఆడలేదు. కొన్ని నెలలకు గల్ఫ్ దేశానికి వెళ్ళిపోయాడు.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ మా తీరాన్ని తాకింది. ఉద్దానంలో తరతరాల కొబ్బరి, జీడి తోటలు ఒక్క రాత్రిలో నేలకొరిగాయి. ఆ కుర్రవాని తండ్రి అంతకు మునుపే మరణించాడు. వజ్రపుకొత్తూరు వైపు ఉన్న వారి కొద్దిపాటి కొబ్బరి తోట ఇంకా తాతగారి పేరుతోనే ఉన్నది. తల్లి ఒక గుడ్డసంచి నిండా కాగితాలు తెచ్చి మా ముందు పెట్టింది. "హజ్రత్ గారూ, పరిహారం జాబితాలో మా పేరు లేదంట. ఏం చెయ్యాలో చెప్పండి" అన్నది.

సంతానం ఉన్న భార్యకు భర్త ఆస్తిలో ఎనిమిదవ వంతు అని మేము వెంటనే చెప్పగలిగాము. ఫిఖ్హ్ గ్రంథాలు చదివిన మాకు అది కష్టం కాదు. కాని ఆ ఎనిమిదవ వంతును రికార్డులోకి ఎక్కించే దారి ఏది, ఏ అర్జీకి ఏ పత్రం జతచేయాలి, గడువు దాటితే ఎవరి వద్దకు వెళ్ళాలి, ఇవేవీ మాకు తెలియవు. ఎవరినీ నిందించలేము. తోట వారిదే, కాగితం మాత్రం వారి పక్షాన లేదు. రావలసిన సొమ్ము రాలేదు. ఆ సాయంత్రం మాకు ఆ కుర్రవాడు గుర్తుకువచ్చాడు. అతడు చదివి ఉంటే ఆ సంచిని విప్పవలసినవాడు అతడే.

తప్పు వృత్తిది కాదు

ఇద్దరు వాదులలో ఒకడు రెండవవానికంటె మాటకారి కావచ్చుననీ, ఆ మాటకారితనంతో సోదరుని హక్కును గెలుచుకున్నవాడు తన కోసం అగ్నినే సంపాదించుకుంటాడనీ దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) హెచ్చరించారు. మేము ఎన్నోసార్లు బోధించిన విషయమే ఇది. అయితే ఆ హెచ్చరికకు రెండవ వైపు ఉన్నదని ఆలస్యంగా గ్రహించాము. ఒకడు మాటకారితనంతో హక్కును కాజేస్తున్నప్పుడు, నోరులేని రెండవవాని పక్షాన మాట్లాడేవారు ఉండవద్దా? స్వజనులకు వ్యతిరేకమైనా సరే న్యాయం పక్షాన నిలవమని ఆదేశించే ధర్మం మనది. ఆ నిలబడటానికి నేడు చట్టం తెలిసి ఉండాలి.

మా ప్రాంతంలో ఆ అవసరం ఎంత ఉన్నదో చూడండి. కార్ఖానాలలో కూలి, టెక్కలి చుట్టుపక్కల గ్రానైట్ క్వారీలలో ప్రమాదాలు, మూలపేట ఓడరేవు వంటి నిర్మాణాలకు భూసేకరణ, ఉద్దానంలో మూత్రపిండాల వ్యాధితో ఇంటి యజమాని మరణించినప్పుడు వారసత్వ పత్రాలు, ప్రతిదీ చివరకు ఒక కాగితం వద్ద ఆగుతుంది. సోంపేట బీల భూముల సంగతి అందరికీ గుర్తే. 2010 జూలై 14న థర్మల్ కేంద్రానికి వ్యతిరేకంగా నిలిచిన ప్రజలపై కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. అదే రోజున జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ కేంద్రానికి ఇచ్చిన పర్యావరణ అనుమతిని రద్దుచేసింది. బీల గట్టున జనం నిలబడ్డారు. ఢిల్లీలో వారి తరఫున కాగితం నిలబడింది. ఆ రెండవ పని చేయగలవారు మన ఊళ్ళలో ఎందరు?

ప్రవేశానికి దారి

లా చదువు మన పిల్లలకు అందనిదేమీ కాదు. ఇంటర్ తరువాత అయిదు సంవత్సరాల కోర్సు, డిగ్రీ తరువాత మూడు సంవత్సరాల కోర్సు ఉన్నాయి. రాష్ట్రంలో లాసెట్ ద్వారా ప్రవేశం. అర్హత పరీక్షలో సాధారణ వర్గానికి 45 శాతం, వెనుకబడిన తరగతులకు 42 శాతం మార్కులు ఉండాలి. లాసెట్‌లో 90 నిమిషాలు, 120 ప్రశ్నలు. వాటిలో సగం లా చదవడానికి తగిన ఆలోచనాశక్తిని పరీక్షించేవి. ప్రశ్నపత్రం తెలుగులోనూ ఉంటుంది. ముస్లింలలోని వెనుకబడిన వర్గాలకు బీసీ-ఈ కింద 4 శాతం రిజర్వేషన్ ఉన్నది. దూదేకుల సోదరులు బీసీ-బి కిందికి వస్తారు. పరీక్ష ముందురోజు ధ్రువపత్రం కోసం పరుగెత్తడం కాక, ఇంటర్‌లో ఉండగానే దానిని సిద్ధంచేసుకోవాలి. ఇంగ్లీషు బాగా వచ్చినవారు క్లాట్ పరీక్ష రాసి జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలకు ప్రయత్నించవచ్చు. విశాఖ సమీపాన సబ్బవరంలో ఉన్న దామోదరం సంజీవయ్య విశ్వవిద్యాలయం మనకు అన్నిటికంటె దగ్గర.

మదరసాలో చదివిన పిల్లలు ఒక జాగ్రత్త పాటించాలి. ఓపెన్ స్కూలు ద్వారా పది, ఆపై ఇంటర్ వరుసగా పూర్తిచేసినవారికి ఇబ్బంది లేదు. పది, ఇంటర్ లేకుండా నేరుగా సార్వత్రిక విశ్వవిద్యాలయ డిగ్రీ పొందినవారిని మాత్రం బార్ కౌన్సిల్ నియమాలు లా కోర్సుకు అనుమతించవు. ఇది తెలియక మూడేళ్ళు వృథా చేసుకోవద్దు. లా చదువు ఇంటి వద్ద కూర్చొని సాగేది కూడా కాదు. తరగతులకు 70 శాతం హాజరు తప్పనిసరి.

మన పిల్లలకు ఒక సానుకూలత కూడా ఉన్నది. లా కోర్సులో ముస్లిం చట్టం ఒక పాఠ్యాంశం. వారసత్వ వాటాలు, మహర్, వసీయత్ మదరసాలో చదివినవానికి కొత్త కావు. 1937 నాటి షరీఅత్ చట్టం, 1939 నాటి వివాహ రద్దు చట్టం వాటికి కోర్టులో ఉన్న రూపాలు. ఆ రెండు చదువులూ ఒకే మనిషిలో కలిస్తే ఎన్ని ఇళ్ళ తగవులు ఇంటి గడపలోనే తీరుతాయో ఆలోచించండి.

అసలు కష్టం ఆ తరువాత

తల్లిదండ్రులు సీటు వచ్చేవరకు ఆరాటపడి, పట్టా రాగానే పని అయిపోయిందనుకుంటారు. లా విద్యార్థికి అసలు కష్టం అప్పుడే మొదలవుతుంది. పట్టా చేతికి వచ్చాక రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకోవాలి. ఈ రుసుము సాధారణ వర్గానికి 750 రూపాయలు, షెడ్యూల్డు కులాలు, తెగలకు 125 రూపాయలు మించరాదని సుప్రీంకోర్టు 2024 జూలై 30న తీర్పు చెప్పింది. ఆ తరువాత అఖిల భారత బార్ పరీక్ష నెగ్గాలి. వ్యాఖ్యానాలు లేని చట్ట ప్రతులను ఆ పరీక్షకు తీసుకువెళ్ళవచ్చు. పుస్తకం దగ్గరున్నా, ఏ సెక్షన్ ఎక్కడున్నదో తెలిసినవానికే అది పనికివస్తుంది.

ఆపై ఒక సీనియర్ వద్ద చేరాలి. నల్లకోటు ఇంట్లో వేలాడుతుంది, జేబులో మాత్రం బస్సు ఛార్జీ కూడా ఉండదు. గ్రామీణ ప్రాంతాలలో జూనియర్లకు నెలకు కనీసం 15,000 రూపాయలు ఇవ్వవలసిందిగా 2024లో అఖిల భారత బార్ కౌన్సిల్ సూచించింది. అది సూచన మాత్రమే. చిన్న ఊరి సీనియర్‌కే అంత మిగలని నెలలు ఉంటాయి. న్యాయమూర్తి కావాలనుకున్నా ఈ దశను తప్పించుకోలేరు. సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ళ న్యాయవాద అనుభవం ఉండాలని 2025 మే 20న సుప్రీంకోర్టు మళ్ళీ నిర్దేశించింది. ఈ మూడేళ్ళు తట్టుకోలేకనే పేదింటి పిల్లలు కోటు విప్పి వేరే ఉద్యోగాలకు పోతున్నారు.

ఇది నేటి సమస్య కాదు. అబూ యూసుఫ్ పేదింటి బిడ్డ. చదువు మాని కూలికి పొమ్మని ఇంటివారు ఒత్తిడి చేస్తే, గురువు ఇమామ్ అబూ హనీఫా (రహ్మతుల్లాహి అలైహి) తన సొమ్ము ఇచ్చి ఆయన చదువు ఆగకుండా చూశారని చరిత్రకారులు రాశారు. ఆ శిష్యుడే తరువాత ఖలీఫా హారూన్ రషీద్ కాలంలో ప్రధాన ఖాజీ అయ్యారు. గురువు పాఠం ఒక్కటే చెప్పి ఊరుకొని ఉంటే ఆ స్థానానికి ఆయన చేరేవారా? లా విద్యార్థికి కావలసిన పెద్ద దిక్కు అటువంటిది. అతడు దారి చూపాలి, దారిలో ఆకలి కూడా చూడాలి.

ఆడపిల్ల, కోర్టు

నాలుగేళ్ళ క్రితం కాశీబుగ్గకు చెందిన ఒక తండ్రి తన కుమార్తె గురించి మమ్మల్ని సంప్రదించాడు. విశాఖలో అయిదేళ్ళ లా కోర్సులో సీటు వచ్చింది. "ఆడపిల్లకు కోర్టు ఎందుకని అందరూ అంటున్నారు" అన్నాడు. ఈసారి మేము తొందరపడలేదు. జస్టిస్ ఫాతిమా బీవీ సంగతి చెప్పాము. కేరళలోని పత్తనంతిట్టలో పుట్టిన ఆమెను లా చదవమని ప్రోత్సహించినది ఆమె తండ్రే. 1950లో న్యాయవాదిగా నమోదై, 1958లో మున్సిఫ్‌గా కింది మెట్టునుండి మొదలుపెట్టి, 1989 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు తొలి మహిళా న్యాయమూర్తి అయ్యారు. ఆ తండ్రి విని, తలవంచుకొని చాలాసేపు కూర్చున్నాడు. మరునాడు ఫీజు కట్టివచ్చాడు.

అయిదేళ్ళ కోర్సులో 20 వారాల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. సెలవులలో ఆ అమ్మాయిని, తండ్రిని వెంటబెట్టుకొని టెక్కలిలో ఒక సీనియర్ న్యాయవాది ఇంటికి వెళ్ళాము. ఆయన మన సముదాయం వారు కారు. మా గడ్డం, టోపీ చూసి ఏదో వక్ఫ్ దావా అనుకున్నారు. సంగతి విన్నాక సంతోషించి, అమ్మాయికి ఒక పాత ఫైలు ఇచ్చారు. "అమ్మా, వాదన సంగతి తరువాత. ఇది ఆసాంతం చదివి, ఏ తేదీన ఏమి జరిగిందో ఒక్క పేజీలో రాసి తీసుకురా" అన్నారు. మూడుసార్లు తిప్పి రాయించారు. నాలుగవసారి తల ఊపారు. ఏ కోచింగ్ కేంద్రం నేర్పగలదు ఆ ఒక్క పేజీని?

మంచి సీనియర్‌కు గుర్తు అదే. ఆయన ఎన్ని కేసులు గెలిచారని కాక, జూనియర్ చేత దావా, అఫిడవిట్ రాయించి దిద్దుతారా అని విచారించండి. తెలుగు బాగా రాయగలగడం కింది కోర్టులలో పెద్ద బలం. సాక్షి చెప్పేది తెలుగులోనే కదా. 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహిత మొదలైన మూడు కొత్త నేర చట్టాలు అమలులోకి వచ్చాయి. వాటి విషయంలో సీనియర్లు, జూనియర్లు ఇద్దరూ విద్యార్థులే. చురుకైన జూనియర్‌కు ఇది మంచి అవకాశం.

మనం చేయగలిగినవి

మొదటిది, ప్రతి మస్జిద్ కమిటీ తన ప్రాంతంలో నేర్పడానికి ఇష్టపడే న్యాయవాదుల పేర్లు సేకరించాలి. మతం చూడవద్దు. పలాస, టెక్కలి, సోంపేట కోర్టులలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న గుమాస్తాలను కూడా కలవాలి. కాగితం ఎక్కడ ఆగుతుందో వారికి తెలిసినంత మరెవరికీ తెలియదు.

రెండవది, పది కుటుంబాలు నెలకు 500 రూపాయల చొప్పున ఇస్తే ఒక జూనియర్‌కు 5,000 అవుతుంది. మూడేళ్ళపాటు తప్పకుండా ఇవ్వాలి. దానిని దయగా కాక అమానత్‌గా భావించాలి. తన కాళ్ళ మీద నిలిచాక ఆ జూనియర్ మరొకరి చేయి పట్టుకుంటే చాలు.

మూడవది, న్యాయ సేవల చట్టం ప్రకారం మహిళలకు, పిల్లలకు, కార్మికులకు, తుపాను వంటి విపత్తుల బాధితులకు ఉచిత న్యాయ సహాయం హక్కు. 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు. మన లా విద్యార్థులు ఇటువంటి అర్జీలు రాసిపెట్టడంతోనే తమ సేవను, శిక్షణను ప్రారంభించవచ్చు. ఆ తల్లి మా వద్దకు వచ్చిన నాడు ఈ సంగతి మాకు తెలిసి ఉంటే ఎంత బాగుండేది!

ఆ అమ్మాయి ఈ సంవత్సరం చివరి పరీక్షలు రాస్తున్నది. పట్టా వచ్చిన మరునాటినుండి ఆ మూడేళ్ళు మొదలవుతాయి. ఆమె తండ్రి కూలితో అవి గడవవు. పది కుటుంబాలలో ఇప్పటికి ఆరు ముందుకు వచ్చాయి.

క్రిందటి రమజాన్‌లో మేము ఆ గల్ఫ్ కుర్రవానికి ఫోన్ చేశాము. ఆనాడు మేము చెప్పినది తప్పని ఒప్పుకొని క్షమించమని అడిగాము. అవతల కొంతసేపు మాట లేదు. తరువాత, "హజ్రత్, మా చెల్లెలి కొడుకు ఇంటర్‌లో చేరాడు. వాడు మీ దగ్గరికి వస్తే మాత్రం వెనక్కి పంపకండి" అన్నాడు. పంపబోమని మాట ఇచ్చాము. మీ ఇంటి గడప ముందుకు కూడా అటువంటి పిల్లవాడో, పిల్లో రావచ్చు. మీరు చెప్పే మొదటి మాట మేము చెప్పిన మొదటి మాట కాకుండుగాక. ఆమీన్.