తరగతిగదిలో కెమేరా: దివ్యాంగ బాలల మఱుగు

బస్తరు ప్రాంతమునందు దంతెవాడ జిల్లాలో, గీదం చెంత, జావంగా విద్యానగరము కలదు. అందు దివ్యాంగ బాలబాలికలకై ‘సక్షమ్’ అను వసతి పాఠశాల నెలకొల్పబడినది. ఇట్టి పాఠశాలలకు పిల్లలు దూరపు అడవిపల్లెలనుండి వత్తురు. తల్లిదండ్రులు తఱచుగా వచ్చి చూచుట కష్టము. తమకు జరిగిన అన్యాయమును నోట చెప్పలేని బిడ్డలును వీరిలో నుందురు. గోడపై ఒక కెమేరా యున్న బాగుండునని తల్లిదండ్రులు తలంచుట సహజమే.

ఆ భయము నిరాధారమైనది కాదు. 2021 సెప్టెంబరులో ఛత్తీస్‌గఢ్ ఉత్తరభాగమందలి జశ్‌పుర్‌లో దివ్యాంగ బాలల వసతి కేంద్రమున, బాలికలపై అత్యాచారము జరిపిరన్న అభియోగముపై అచ్చటి ఉద్యోగులే నిర్బంధింపబడిరి. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రము 2015లో, తల్లిదండ్రులు కోరినచో ప్రత్యేక విద్యాతరగతులలో కెమేరాలు అమర్చవలయునని శాసించినది. మరుగుదొడ్డిని, బట్టలు మార్చు స్థలమును మాత్రము చిత్రింపరాదన్నది. అయితే అన్యాయమునకు అవకాశమెక్కువ యున్నది అట్టి గదులలోనే. అచ్చట నమ్మకమైన పరిచారిక తప్ప వేఱు రక్షణ లేదు.

శబ్దము గ్రహింపని కెమేరా సాధారణ తరగతిలో పిల్లల గుసగుసలను వినజాలదు. వినికిడి లేని బాలలు సైగలతో సంభాషింతురు గనుక, అదే కెమేరా వారి ప్రతి మాటను గ్రహించును. ఇద్దఱు స్నేహితురాండ్రు చెప్పుకొన్న రహస్యమును సైగలభాష ఎఱిగిన వారెవ్వరైనను పిమ్మట చదువగలరు. మూర్ఛ వచ్చి పడిపోయిన బాలుడు, తెలియక బట్టలు తడుపుకొన్న బాలిక, వీరి దృశ్యములు వైద్యపత్రముల వంటివి. ఏ వైద్యుడును వానిని బజారున పెట్టడు గదా!

ఢిల్లీ ప్రభుత్వము 2019లో తరగతి దృశ్యములను తల్లిదండ్రుల ఫోనులకు పంపు పద్ధతిని ఆరంభించినది. అట్లు పంపినచో ఒక తల్లి తన బిడ్డనే గాక తక్కిన బిడ్డలనందఱను చూచును. ప్రత్యేక పాఠశాలకు ఇది తగదు. ఫిర్యాదు వచ్చినప్పుడు మాత్రమే, నియమితులైన ఒకరిద్దఱు, తేదీని పుస్తకమున వ్రాసి దృశ్యమును చూడవలయును. గడువు తీఱిన పిదప దానిని చెఱిపివేయవలయును.

గోప్యత ప్రాథమిక హక్కని సర్వోన్నత న్యాయస్థానము 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పినది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము 18 ఏండ్లు నిండని వారి సమాచారమునకు తల్లిదండ్రుల సమ్మతి కావలయుననుచున్నది; బాలల భద్రతకై విద్యాలయములకు 2025 నియమావళిలో కొంత సడలింపు కలదు. సడలింపు ఉన్నంతమాత్రమున అడుగకుండుట న్యాయము కాదు.

బస్తరులో ఆ అడుగుట హిందీ కాగితముపై వ్రేలిముద్రతో ముగియరాదు. గోండి, హల్బి, దోర్లి మాటలాడు వారికి వారి భాషలో, కోంటా, భోపాలపట్నం వైపు తెలుగువారికి తెలుగులో, దృశ్యము ఎచ్చట నుండునో, ఎవరు చూతురో తెలుపవలయును. బాలలకును చెప్పవలయును. వినికిడి లేని వారికి సైగలతో తెలిపి, చూపులేని వారిచేత కెమేరాను తాకించి, అది లేని గదులేవో చూపవలయును.