మోటరు వేసే ముందు

2025 మార్చి 18న హనుమకొండ పక్కనున్న దేవన్నపేట పంపుహౌస్‌కు మంత్రులు వచ్చారు. దేవాదుల ఎత్తిపోతల పథకం మూడో దశ మోటరు ఆన్ చేసి గోదావరి నీళ్లను ధర్మసాగర్ రిజర్వాయర్‌లోకి వదలాలన్నది ఏర్పాటు. సాంకేతిక సమస్య వచ్చింది. రాత్రి పొద్దుపోయినా మోటరు నడవలేదు. అదే నెల చివరి వారంలో నడిచింది, నీళ్లు ధర్మసాగర్‌కు చేరాయి. పెద్దలు ఎదురుచూస్తున్నారని ఏ మోటరూ తిరగదు. దాని లెక్కలు దానికి సరిపోవాలి.

ఎండాకాలం రాగానే నగరంలో చిన్న చిన్న దేవన్నపేటలు చాలా మొదలవుతాయి. ఈతకొలనుల వెనక తలుపు మూసి ఉండే పంపు గదులు. పిల్లల్ని పూల్‌కు తీసుకెళ్లే తల్లిదండ్రులు నీళ్ల రంగు చూస్తారు, లోతు అడుగుతారు. ఆ గది తలుపు తీయించి చూసేవాళ్లు తక్కువ. చూడాల్సింది అక్కడే.

ఓరుగల్లు ప్రాంతానికి మోటరు కొత్త కాదు. నర్సంపేటలోనో పర్వతగిరిలోనో ఏ రైతునడిగినా చెబుతాడు: ఫుట్‌వాల్వు లీకైతే నీళ్లు పోసి నింపాకే మోటరు వేయాలి, ఎదురు తిరిగితే రెండు ఫేజులు మార్చాలి, నీళ్లు లేకుండా తిప్పితే కాలిపోతుంది. పూల్ పంపుకూ ఇదే చదువు. తేడా ఒక్కటే, కానీ చాలా పెద్దది. బాయి మోటరు పోసే నీళ్లు మడిలోకి పోతాయి. పూల్ మోటరు లాగే నీళ్లలో పిల్లలుంటారు.

25 మీటర్ల పొడవు, పన్నెండున్నర మీటర్ల వెడల్పు, సగటున 1.4 మీటర్ల లోతున్న కొలనులో దాదాపు 4.37 లక్షల లీటర్లు పడతాయి. ఆ నీళ్లన్నీ ఆరు గంటలకోసారి ఫిల్టర్ గుండా తిరిగి రావాలంటే గంటకు 73 వేల లీటర్లు లాగాలి. ఏడున్నర హెచ్‌పీ మోటరు ఆ పని చేయగలదు.

నెలల తరబడి మూలన ఉన్న ఆ మోటరుకు నేరుగా కరెంటు ఇవ్వడం మొదటి తప్పు. వానలకు, చలికి కాయిల్‌లో చెమ్మ చేరుతుంది. మెయిన్ ఆపి, దానికి తాళం వేసి, ఎలక్ట్రీషియన్ ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్ పెట్టి చూడాలి. ఒక మెగాఓమ్ కూడా చూపించకపోతే మోటరును ఆరబెట్టాల్సిందే. వెనక ఫ్యాన్‌ను చేత్తో తిప్పితే షాఫ్ట్ తేలిగ్గా తిరగాలి. పంపు ముందున్న జాలిబుట్ట కడిగి, దాని గిన్నె నిండా నీళ్లు పోసి మూత బిగించాలి. నీళ్లు లేకుండా తిరిగితే మెకానికల్ సీల్ నిమిషాల్లోనే పోతుంది. వాల్వులన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకున్నాక, ఒక్క క్షణం మోటరు వేసి ఆపి, బాణం గుర్తున్న వైపే తిరుగుతోందా చూడాలి. ఎదురు తిరిగినా ఈ పంపు ఎంతో కొంత నీళ్లు పోస్తుంది. అందుకే చాలామంది మోసపోతారు.

ఫిల్టర్ ట్యాంకు దగ్గర నేను మరీ పట్టుబడతాను. లోపల చిక్కుకున్న గాలి పంపు ఒత్తిడికి నొక్కుకుపోతే మూతను తుపాకీ గుండులా ఎగరగొట్టగలదు. పైనున్న గాలి వాల్వు తెరిచి, పక్కకు తప్పుకుని, అప్పుడే మోటరు వేయాలి. గాలంతా పోయి నీటి ధార నిలకడగా వచ్చాక దాన్ని మూయాలి. మోటరు నడుస్తుండగా ఫిల్టర్ మీది మల్టీపోర్ట్ వాల్వు పిడిని తిప్పకూడదు. ఆ తర్వాత క్లాంప్ మీటరుతో ఆంపియర్లు చూసి మోటరు పలక మీది అంకెతో పోల్చాలి. శుభ్రమైన ఫిల్టర్ మీద ప్రెజర్ గేజ్ ఎంత చూపిందో రాసుకోవాలి. దానికన్నా అర బార్ దాకా పెరిగితే ఫిల్టర్‌ను బ్యాక్‌వాష్ చేసే వేళయిందని అర్థం.

ఇక నీళ్లలో దిగేవాళ్ల సంగతి. 2002లో అమెరికాలోని వర్జీనియాలో ఏడేళ్ల గ్రేమ్ బేకర్, ఆ దేశ మాజీ విదేశాంగ మంత్రి జేమ్స్ బేకర్ మనవరాలు, ఒక స్పా అడుగున డ్రెయిన్ లాగేయడంతో మునిగి చనిపోయింది. తల్లి ఎంత లాగినా పాప రాలేదు. 2007లో ఆ పాప పేరుమీదే అక్కడ చట్టం వచ్చింది. ఆ లాగుడుకు ఎంత బలమో లెక్క వేయవచ్చు: 20 సెంటీమీటర్ల డ్రెయిన్‌ను ఒక ఒళ్లు పూర్తిగా మూసేసి, పంపు అర బార్ లాగుడు పెడితే, అక్కడ పడేది 150 కిలోలకు పైన. డ్రెయిన్ ఒక్కటే ఉంటే ఆ లాగుడంతా దానిమీదే. ఎడంగా రెండు ఉండాలి, మూతలు ఉబ్బుగా ఉండి గట్టిగా బిగించి ఉండాలి. మూత విరిగిన రోజు పూల్ మూసేయాలి. టికెట్లు అమ్ముడయ్యాయన్నది కారణం కాదు.

కరెంటు పోయి వచ్చినప్పుడు మరో ప్రమాదం పొంచి ఉంటుంది. క్లోరిన్, యాసిడ్ పోసే చిన్న పంపులకు వేరే లైను ఉంటే, పెద్ద మోటరు ఆగినా అవి పోస్తూనే ఉంటాయి. పైపులో ఆ రెండూ కలిసి క్లోరిన్ వాయువు పుడుతుంది. మోటరు మళ్లీ వేయగానే అది కొలనులో ఈదేవాళ్ల ముఖాల మీదికి వస్తుంది. అందుకే మందు పంపులు పెద్ద మోటరుతోపాటే ఆగేలా వైరింగ్ ఉండాలి, మోటరు తిరిగి వేసేటప్పుడు నీళ్లలో ఒక్కరూ ఉండకూడదు.

చివరగా కరెంటు షాక్ సంగతి. ఎంసీబీ వైరును కాపాడుతుంది, మనిషిని కాదు. మనిషిని కాపాడేది 30 మిల్లీఆంపియర్ల లీకేజీకే పడిపోయే ఆర్‌సీసీబీ, దానితోపాటు సరైన ఎర్తింగ్. ఆర్‌సీసీబీ మీద టెస్ట్ బటన్ ఉంటుంది. ఈసారి పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు, వాళ్లు నీళ్లలోకి దిగకముందే, ఆ బటన్ నొక్కి చూపించమని అడగండి. స్విచ్ టక్కున పడిపోవాలి. పడకపోతే ఆరోజు పిల్లల్ని నీళ్లలోకి దించకండి.