తుఫాను దాటిపోయాక

1908 సెప్టెంబరు 28న హైదరాబాద్‌లో మూసీ నది పొంగి అఫ్జల్‌గంజ్ వంతెనను ఊడ్చుకుపోయింది. ఆ వానను మోసుకొచ్చిన తుఫాను పుట్టింది బంగాళాఖాతంలోనే. పాతబస్తీలో ఎన్ని ఇళ్లు కూలాయో లెక్కలు రాశారు గానీ, సముద్రంలో అది వదిలి వచ్చిన జాడ ఎవరికి పట్టింది?

జాడ పట్టగల యంత్రం మాత్రం అప్పటికే పుట్టింది. స్వీడన్ శాస్త్రవేత్త ఎక్మన్ నార్వేలో పనిచేస్తూ తయారుచేసిన ప్రవాహమాపకం అది. తీగకు కట్టి లోతుకు దించుతారు. తీగ వెంట చిన్న బరువును జారవిడిస్తే, అది తగలగానే ప్రవాహానికి తిరిగే చక్రం గొళ్లెం ఊడుతుంది. చక్రం తిరిగేకొద్దీ కంచు గుండ్లు ఒక్కొక్కటే దిక్సూచి మీద పడి, గాడి వెంట దొర్లి, 36 అరల్లో ఏదో ఒకదాంట్లోకి చేరతాయి. పైకి లాగి, ఏ అరలో ఎన్ని ఉన్నాయో చూస్తే నీరు ఎటు పోయిందో తెలిసిపోతుంది. బ్యాటరీ లేదు, కరెంటు తీగల గోల లేదు. సముద్రశాస్త్రంలో ఇంత ముచ్చటైన పరికరం ఇంకొకటి నాకు కనబడలేదు.

తుఫాను వదిలే జాడ ఎలా ఏర్పడుతుందంటే, భూమి తిరుగుతోంది గనుక మన అర్ధగోళంలో కదిలే నీరు కుడికి ఒరుగుతుంది. గాలి ఓసారి తోసి వదిలేస్తే, అలా ఒరుగుతూ ఒరుగుతూ గుండ్రంగా తిరుగుతుంది. చార్మినార్ ఉన్న అక్షాంశం మీదే తూర్పుకు పోతే, సముద్రంలో ఒక చుట్టుకు దాదాపు 40 గంటలు. గంటకు 15 కిలోమీటర్లు సాగే తుఫాను ఈలోగా 600 కిలోమీటర్లు దాటిపోతుంది. దాని వెనక మిగిలే అలల శిఖరాల మధ్య దూరమూ అంతే. పడవ వెనక అలను గట్టునుంచి చూడొచ్చు. తుఫాను వెనక అల మాత్రం పైనున్న వెచ్చటి నీటికీ కిందున్న చల్లటి నీటికీ నడుమ ఊగుతుంది, కంటికి ఆనదు.

తుఫాను దారికి కుడిపక్కన గాలి కూడా నీరు తిరిగే వైపే దిశ మార్చుకుంటూ పోతుంది, ఊయలను ఊపుకు తగ్గట్టు తోసినట్టు. అందుకే అటువైపు ప్రవాహాలు ఉధృతం. ఆ ఉధృతికి అడుగునున్న చల్లనీరు పైనీటిలో కలిసి తుఫాను బలాన్నే తగ్గిస్తుంది. గంగ, గోదావరి తెచ్చిన మంచినీరు పైన తేలేచోట మాత్రం ఈ చల్లబడటం అంతగా జరగదు.

గుండ్లు చేసిన పని ఇప్పుడు శబ్దం చేస్తోంది: నీటిలోని రేణువులకు తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వనిని బట్టి నీటి వేగం, దిశ కడతారు. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ బంగాళాఖాతంలో లంగరేసిన బోయాలు (తేలే పరికరాలు) 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను గుర్తులను నమోదు చేశాయి. హైదరాబాద్ ప్రగతినగర్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇలాంటి సముద్ర సమాచారాన్నే వాడుకుంటుంది. బోయాలకు పడవలు కట్టొద్దని మత్స్యకారులకు చెబుతూనే ఉంటారు. వాటి నీడన చేపలు గుమిగూడతాయి మరి, వినడం కష్టమే.