రాష్ట్ర సరిహద్దు మందమెంత?

కురవి నుంచి ఒక పాఠకుడు అడిగారు: "మా మిర్చి ఖమ్మం పోయినా, వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పోయినా రాష్ట్రం దాటదు. గుంటూరు పోతే దాటుతుంది. 2014కు ముందు అన్నీ ఒకే రాష్ట్రం. మధ్యలో గీత పడ్డాక వ్యాపారానికి ఎంత అడ్డమైందో లెక్కగట్టే పద్ధతి ఉందా?" ఉంది. అర్థశాస్త్రంలో అంత అందమైన లెక్క మరొకటి నాకు కనిపించలేదు.

సరిహద్దు కురవికి కొత్త కాదు. వీరభద్రస్వామి కొలువైన ఈ ఊరు వెయ్యేళ్ల కిందట వేంగి చాళుక్యులకూ రాష్ట్రకూటులకూ నడుమ ఉన్న సీమ. నిజాం కాలంలో సరుకు బెజవాడ వైపు ఇంగ్లీషు ఇలాకాకు దాటాలంటే కరోడ్‌గిరి నాకాలో సుంకం కట్టాల్సిందే. ఆ అడ్డంకిని కొలవడం తేలిక, రేటు కాగితం మీద ఉంటుంది. ఇప్పుడలా కాదు. 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక రాష్ట్రాల వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు పోయాయి. అయినా మార్కెట్ ఫీజు ఏ రాష్ట్రానిది ఆ రాష్ట్రానిదే, వ్యాపారి లైసెన్సూ అంతే. వరి కోతలప్పుడు పక్క రాష్ట్రం వడ్లు కొనుగోలు కేంద్రాలకు రాకుండా మళ్లీ చెక్‌పోస్టులు పెడతారు. వీటన్నిటినీ కలిపి ఒక్క అంకెలో చెప్పాలి.

అడ్డం లేకపోతే ఎంత సరుకు కదిలేదో ముందు అంచనా కడతారు. నిజంగా కదిలిన సరుకు అంతకన్నా ఎంత తక్కువుంటే అంత మందం ఆ సరిహద్దుది. ఆ అంచనాకు 1962లో డచ్ ఆర్థికవేత్త యాన్ టింబర్గెన్ న్యూటన్ గురుత్వాకర్షణ సూత్రం లాంటిదే వాడాడు: రెండు ప్రాంతాల సంపద పెరిగితే వర్తకం పెరుగుతుంది, దూరం పెరిగితే తగ్గుతుంది.

ఈ సూత్రాన్ని 1995లో ఆర్థికవేత్త జాన్ మెకల్లమ్ కెనడా, అమెరికాల 1988 నాటి లెక్కలకు పెట్టాడు. సంపదనూ దూరాన్నీ సరిచూసుకున్నాక, కెనడా రాష్ట్రాలు అమెరికా రాష్ట్రాలతో చేసే వర్తకం కన్నా తమలో తాము చేసుకునేది 22 రెట్లు ఎక్కువని తేలింది! చాలామటుకు ఒకే భాష, పక్కపక్క దేశాలు, సుంకాలు చూస్తే స్వల్పం. అంత గోడ ఎక్కడి నుంచి వచ్చింది? దీనికి జవాబు వెతుకుతూ ఆర్థికవేత్తలు ఎనిమిదేళ్లు తలలు పట్టుకున్నారు.

పొరపాటు ఎక్కడుందో 2003లో జేమ్స్ ఆండర్సన్, ఎరిక్ వాన్ విన్‌కూప్ పట్టుకున్నారు. నాకెంతో ఇష్టమైన ఘట్టం ఇదే, పాఠకులు కాగితం, కలం తీసుకోవాలి. పెద్ద ప్రాంతంలో 90 లారీల సరుకు, చిన్న ప్రాంతంలో 10 లారీల సరుకు పండుతుందనుకోండి. అడ్డమేమీ లేకపోతే ఎవరి సరుకైనా కొనేవాళ్ల సంఖ్యను బట్టే పంపకం అవుతుంది. చిన్న ప్రాంతం 9 లారీలు అవతలికి పంపి 1 తన దగ్గర అమ్ముకుంటుంది. పెద్దది 81 లోపలే అమ్మి 9 ఇటు పంపుతుంది. ఇప్పుడు గీత పడి, దాటే సరుకు ఇటూ అటూ ఒక్కో లారీ తగ్గిందనుకుందాం. దాటే వర్తకంలో తగ్గుదల తొమ్మిదో వంతే. కానీ ఆ లారీ చిన్న ప్రాంతంలోనే అమ్ముడు కావాలి కదా, అక్కడి లోపలి వర్తకం 1 నుంచి 2 అయింది, అంటే రెట్టింపు! పెద్ద ప్రాంతంలో 81 కాస్తా 82 అయింది, అది లెక్కలోకే రాదు. గోడ ఒక్కటే. చిన్నవైపు నుంచి చూస్తే కొండంత, పెద్దవైపు నుంచి చూస్తే పొలం గట్టంత.

మెకల్లమ్ చూసింది చిన్నదైన కెనడా వైపు నుంచి. అదే లెక్క అమెరికా వైపు నుంచి వేస్తే ఒకటిన్నర రెట్ల దగ్గరే ఆగిపోతుంది. ఇంకో సంగతి కూడా ఉంది. మన దగ్గరే చూస్తే, ఖమ్మం, గుంటూరుల మధ్య వర్తకం ఆ రెంటి నడుమ ఉన్న అడ్డు ఒక్కదాని మీదే ఆధారపడదు. ఖమ్మానికి మిగిలిన మార్కెట్లన్నిటితో ఉన్న అడ్డు కూడా అందులో కలుస్తుంది. నాగ్‌పూర్ దారి మూసుకుంటే గుంటూరుకు గిరాకీ తనంతట తానే పెరుగుతుంది. దీన్ని కలుపుకొని వేస్తే కెనడా, అమెరికాల మధ్య సరిహద్దు తగ్గించిన వర్తకం సుమారు 44 శాతమని వచ్చింది. చిన్నదేమీ కాదు, కానీ నమ్మదగ్గ అంకె. తెలంగాణ, ఆంధ్రల లెక్క వేసేవాళ్లు ఒక వైపు అంకె మాత్రమే చెబితే ఒప్పుకోవద్దని నా మనవి.

మనుషుల కదలికనూ ఇలాగే కొలుస్తారు. 2016-17 ఆర్థిక సర్వే రైళ్లలో రిజర్వేషన్ లేని టికెట్ల లెక్కలు తీసి, 2011 నుంచి 2016 వరకు ఏటా 90 లక్షల మంది దాకా రాష్ట్రాలు దాటి వలస వెళ్లారని అంచనా కట్టింది. ప్రపంచ బ్యాంకు పరిశోధకులు 2001 జనాభా లెక్కలతో ఇరుగుపొరుగు జిల్లాలను జతలుగా చూశారు. రెండు జిల్లాలూ ఒకే రాష్ట్రంలో ఉంటే వలస, మధ్యలో రాష్ట్ర సరిహద్దు ఉన్న జతల కన్నా కనీసం 50 శాతం ఎక్కువ. సరిహద్దులో మనిషిని ఎవరూ ఆపరు. ఆపేవి రేషన్ కార్డు, కాలేజీ సీటు, సర్కారు కొలువు. తెలంగాణలో 2018 రాష్ట్రపతి ఉత్తర్వులు ఉద్యోగాల్లో 95 శాతం స్థానికులకు ఇచ్చాయి. స్థానికుల కొలువుల కోసం సాగిన ముల్కీ పోరాటాల చరిత్ర తెలిసినవాణ్ని కనుక దాన్ని తప్పు పట్టను. దానికి చెల్లించే ధర ఎంతో తెలియాలంటాను. రేషన్ మాత్రం కొంత మారింది. పక్క రాష్ట్రంలో బియ్యం తెచ్చుకునే ఏర్పాటును 2019 ఆగస్టులో మొదట పెట్టిన జతల్లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఒకటి.

అయితే మన చేలల్లో మిర్చి ఏరడానికి మేస్త్రీ వెంట వచ్చే ఛత్తీస్‌గఢ్ కూలీలకు 2020 ఏప్రిల్ నాటికి ఆ ఏర్పాటు అందలేదు. లాక్‌డౌన్‌లో ములుగు జిల్లా మిర్చి చేల నుంచి బీజాపూర్‌కు అడవి దారిన నడిచివెళ్తూ పన్నెండేళ్ల అమ్మాయి ఇంటికి చేరువలో ప్రాణం విడిచింది. మిర్చి బస్తాకు సరిహద్దు దాటడం సులువైనంతగా దాన్ని ఏరిన చేతులకు కాలేదు. ఈ తేడాను ఏటా కొలిచి ప్రకటించాలన్న పట్టుదల ప్రభుత్వాలకు లేకపోవడం నన్ను బాధిస్తుంది.

కురవి ప్రశ్నకు మనుషుల వైపు జవాబు ఇంకా రాలేదు. 2014 నాటి గీత ఇప్పటిదాకా ఏ జనాభా లెక్కల్లోనూ ఎక్కలేదు, కురవి ఉన్న, 2016లో పుట్టిన మహబూబాబాద్ జిల్లా కూడా. 2027 లెక్కల్లో రెండూ మొదటిసారి వస్తాయి. అప్పుడు 2010లో గుంటూరు నుంచి కురవి వచ్చి స్థిరపడ్డ కుటుంబాన్ని కూడా రాష్ట్రం దాటిన వలస కింద రాసే ప్రమాదం ఉంది. వాళ్లు వచ్చినప్పుడు దాటడానికి సరిహద్దే లేదు. అందుకే జిల్లా నుంచి జిల్లాకు వలస పట్టికను, వచ్చిన ఏడాది వారీగా విడగొట్టి ఇవ్వాలి. 2011 వలస పట్టికల్లో చాలావాటికి 2019 దాకా ఎదురుచూడాల్సి వచ్చింది. ఈసారి అంత ఆలస్యం చేయకూడదు.